వెనకాల కారు పంపకండి

సంపాదకుల వారికి నమస్కారం.

చలికాలం మొదలైతే 44వ నంబరు జాతీయ రహదారి మీద తెల్లవారకముందే సైకిళ్లు కనపడుతుంటాయి. కర్నూలు నుంచి డోన్, గుత్తి మీదుగా అనంతపురం సుమారు 145 కిలోమీటర్లు. పోయి రావడమంటే మూడు వందలకు కాస్త తక్కువ. గడియారంతో పందెం పెట్టుకొని, ఎవరి సాయమూ లేకుండా దూరాలు తొక్కాలనుకునే పిల్లలకు సాధన చేసుకోవడానికి మంచి రోడ్డు ఇది. అయితే వాళ్లలో కొందరి వెనకాల నాలుగు ఇండికేటర్లూ వేసుకొని ఇంట్లోవాళ్ల కారో, స్నేహితుల బైకో మెల్లగా వస్తుంటుంది. బిడ్డ మీద ప్రేమతోనే పంపుతారు, కాదనడం లేదు. కానీ ఆ ప్రయాణంలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఆ కారే. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

లెక్క చూడండి. లారీ గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వస్తోంది, కారు సైకిల్ వెనక 20లో పోతోంది. ఇద్దరికీ మధ్య దూరం సెకనుకు దాదాపు 17 మీటర్ల చొప్పున తరిగిపోతుంది. అంటే వంద మీటర్లు ఆరు సెకన్లలో అయిపోతాయి. ముందున్న ఎర్రలైటు కదులుతోందో ఆగిందో రాత్రిపూట డ్రైవరుకు తేలేసరికే అందులో సగం పోతుంది. సైకిల్ ఒక్కటే అయితే తెల్లగీత బయట రెండడుగుల్లో పోతుంది, లారీకి అడ్డమే రాదు. కారు అలా కాదు, లేనులోకి వస్తుంది. లారీ ఆ కారును గుద్దితే కారు పోయి పడేది ఎదురుగా ఉన్న సైకిల్ మీదే.

అమెరికాను అడ్డంగా దాటే 'రేస్ అక్రాస్ అమెరికా'లో రాత్రిపూట వెనక కారు ఉండి తీరాలన్న నియమం ఉంది కదా అని పిల్లలు అడుగుతారు. నిజమే. అది సాయంతో తొక్కే పోటీ. అక్కడ కారులో ఉండేది ఆ పనికి తయారైన బృందం, బండికి ప్రత్యేకమైన లైట్లు, హెచ్చరిక బోర్డులు ఉంటాయి. మన పిల్లలు చేరే 'బ్రెవే'ల (గడువులోగా దూరం పూర్తిచేయాల్సిన సైకిల్ యాత్రల) పద్ధతి పూర్తిగా వేరు. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటలు గడువు. దారిలో వెంట బండి రాకూడదు, సొంతవాళ్ల సాయం తీసుకుంటే కంట్రోల్ పాయింట్ల (తొక్కేవాడి కార్డుకు ముద్ర వేసే చోట్ల) దగ్గరే తీసుకోవాలి. 2013లో యూరప్‌లో మొదలైన ట్రాన్స్‌కాంటినెంటల్ రేసు ఇంకా కఠినం. దారిన పోయే ఎవరికైనా తెరిచి ఉండే అంగడిలో ఏదైనా కొనుక్కోవచ్చు, ముందే మాట్లాడి పెట్టుకున్న మనిషి దగ్గర మంచినీళ్లు కూడా తీసుకోకూడదు. ఇంకొకరి చక్రం వెనక గాలి తగలకుండా దాక్కోవడమూ తప్పే.

ఇక్కడ ఒక్క మాట. టైమ్ ట్రయల్, అంటే గడియారంతో పోటీపడి ఒంటరిగా తొక్కే పందెం, పుట్టిందే రోడ్డు మీద గందరగోళం తగ్గించడానికి. ఇంగ్లండులో 1894లో గుంపుగా సాగిన ఒక సైకిల్ పందెం గుర్రబ్బండితో చిక్కులో పడ్డాక, ఫ్రెడరిక్ బిడ్లేక్ 1895లో ఒక్కొక్కరినీ విడివిడిగా, కొద్ది నిమిషాల తేడాతో పంపే పద్ధతి తెచ్చాడు. అలాంటి పోటీకి వెనక కారు, పక్కన బైకు, ముందు వీడియో తీసేవాడు చేరితే దాని అర్థమే పోతుంది.

మరి కారు లేకపోతే పంక్చరైనప్పుడు ఎవరు చూస్తారు? తొక్కేవాడే చూసుకోవాలి. అందుకు కావలసింది ధైర్యం కాదు, చేతిపని.

మన దారుల్లో టైరుకు రెండు శత్రువులు. హైవే అంచున పేలిపోయిన లారీ టైర్ల నుంచి రాలే సన్నని ఉక్కు తీగ ఒకటి. ఊళ్ల దారుల్లో పల్లేరుకాయ, సర్కారు తుమ్మ ముల్లు రెండోది. ముల్లు కంటికి కనపడుతుంది. తీగ వెంట్రుక మందాన ఉండి రబ్బరులో దాగి ఉంటుంది. దాన్ని తీయకుండా కొత్త ట్యూబు వేస్తే ఐదారు కిలోమీటర్లలోనే మళ్లీ గాలి దిగుతుంది. చాలామంది రెండో ట్యూబును కూడా పోగొట్టుకునేది ఇలాగే. టైరు లోపల వేలితో తడిమితే వేలు తెగుతుంది. చిన్న దూది ఉండనో, పాత బనియను ముక్కనో చుట్టూ తిప్పండి, తీగ ఎక్కడుంటే అక్కడ పట్టుకుంటుంది. పట్టకారుతో బయటికి లాగాలి.

ట్యూబు మీది చిల్లి కూడా కారణం చెబుతుంది. టైరు వైపు ఒక్కటే చిల్లి ఉంటే ముల్లో తీగో. పక్కపక్కనే రెండు గాట్లుంటే గాలి తక్కువై గుంతలో రిమ్ము నొక్కింది, దాన్ని పాముకాటు అంటారు. రిమ్ము వైపు చిల్లి ఉంటే రిమ్ టేపు (ట్యూబుకు గీసుకోకుండా రిమ్ము లోపల వేసే పట్టీ) జరిగింది, ట్యూబు ఎన్నిసార్లు మార్చినా టేపు సరిచేయందే లాభం లేదు. 70 కిలోల మనిషికి 28 మిల్లీమీటర్ల వెడల్పు టైరులో గాలి ఒత్తిడి వెనక 75, ముందు 70 పీఎస్ఐ చాలు. గాలి ఎక్కువ కొడితే వేగం పెరుగుతుందనుకోవడం పొరపాటు. మన రోడ్ల మీద ఆ అదురంతా చేతులకూ నడుముకూ ఎక్కి, రెండు వందల కిలోమీటర్ల తర్వాత దాని బాకీ తీర్చాల్సి వస్తుంది.

దగ్గర ఉండాల్సినవి: రెండు కొత్త ట్యూబులు, ఆరు ప్యాచీలు, కొత్త సొల్యూషన్ ట్యూబు (ఒకసారి మూత తీసింది నెలలోనే ఎండిపోతుంది), గరుకు కాగితం, రెండు టైర్ లీవర్లు, చేతి పంపు. టైరు పక్కన చీలితే లోపల పెట్టడానికి ఖాళీ టూత్‌పేస్టు ట్యూబు ముక్క. టైరులో గాలి నింపే చిన్న గ్యాస్ సిలిండరు ఒక్కదాన్నే నమ్ముకొని పోకూడదు, రెండో పంక్చరుకు అది పనికిరాదు. అలెన్ కీలు 4, 5, 6, చెయిన్ విప్పే చెయిన్ బ్రేకరు, తెగిన చెయిన్‌ను కలపడానికి మీ గేర్లకు సరిపోయే క్విక్ లింకులు రెండు. వెనక గేరు మార్చే డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే ముక్క, మీ సైకిల్ మోడలుకే సరిపోయే డిరైలర్ హ్యాంగరు కూడా పెట్టుకోవాలి, అది ఇంకెక్కడా దొరకదు. వెనక గేరు వైరు తెగితే చెయిన్ అన్నిటికన్నా చిన్న పన్నుచక్రం మీద పడుతుంది, ఎత్తు ఎక్కలేరు. అప్పుడు డిరైలర్‌కు ఉండే హై లిమిట్ స్క్రూను లోపలికి బిగిస్తే చెయిన్ ఒకటి రెండు పన్నుచక్రాలు పైకి జరుగుతుంది. ఆ ఒక్క గేరుతో ఇల్లు చేరవచ్చు. ఇదంతా ఇంట్లో, దీపం ఆర్పి, చీకట్లో ఒకసారి చేసి చూసుకోవాలి.

ఇక కాలం సంగతి. గెలిచేదీ ఓడేదీ తొక్కేటప్పుడు కాదు, ఆగినప్పుడు. 400 కిలోమీటర్లు గంటకు 20 చొప్పున తొక్కితే 20 గంటలు. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు పోయి వస్తే సుమారు ఆ దూరమే. సగటును 20 నుంచి 21కి పెంచడానికి నెలల సాధన కావాలి, దానివల్ల మిగిలేది 57 నిమిషాలు. పది చోట్ల ఆగి, ప్రతిచోటా ఆరు నిమిషాలు ఎక్కువ కూర్చుంటే ఆ గంట ఊరికే పోతుంది. బండి దిగకముందే ఏం చేయాలో మనసులో వరస పెట్టుకోవాలి: కార్డుకు ముద్ర, సీసాల్లో నీళ్లు, జేబులో తిండి, మూత్రానికి పోవడం. ఫోను చూస్తూ మాత్రం కూర్చోవద్దు, సైకిల్ మీద ఉండగా అసలే తీయొద్దు. ముద్ర వేసేవారు లేని చోట సమయం, ఊరి పేరు ఉన్న బంకు బిల్లో, ఏటీఎం చీటీయో దాచుకోవాలి. చిల్లర నోట్లు ఉండాలి, నెట్‌వర్క్ లేని చోట ఫోనుతో డబ్బు కట్టలేరు.

తిండి గంటకు 60 గ్రాముల పిండిపదార్థం. అంటే రెండు అరటిపండ్లు, ఒక బెల్లం ముక్క. ఆకలేసినప్పుడు తిందామనుకుంటే ఆలస్యమైపోతుంది, అరగంటకోసారి గడియారం చూసి నోట్లో వేసుకోవాలి. చెనిక్కాయల చిక్కీ, కర్జూరం, ఓళిగ జేబులో చెడవు. దారిలో ఉగ్గాణి మంచిదే, పక్కన మిరపకాయ బజ్జీ మాత్రం వద్దు. నూనె, కారం కడుపులో ఉండగా ఎండలో వంగి తొక్కితే వాంతి ఖాయం.

నీళ్లు గంటకు అర లీటరు నుంచి ముప్పావు, ఎండలో లీటరు దాకా. ఒట్టి నీళ్లే తాగుతూ పోవడం మనవాళ్లు చేసే పెద్ద తప్పు. చెమటతో ఉప్పు పోతుంది, నీళ్లు మాత్రమే లోపలికి పోతే రక్తంలో సోడియం పలచబడుతుంది. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, తలనొప్పి, వికారం, మాట తడబడడం దాని గుర్తులు. అప్పుడు ఇంకా నీళ్లు తాగిస్తే ఇంకా చేటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసి ఉన్న 20.5 గ్రాముల ఓఆర్ఎస్ పొడిని సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి. అందులో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములే. కాబట్టి అది ఉప్పు కోసం, శక్తికి తిండి తినాల్సిందే. డబ్బాల్లో దొరికే తియ్యటి పండ్లరసాలు దానికి బదులు కావు. ఉప్పేసిన మజ్జిగ, నన్నారి షర్బత్ నోటికి హితవు. నాలుగు లేన్ల రోడ్డు ఊరు తగలకుండా బైపాస్‌లో పోతుంది కాబట్టి రాత్రి తెరిచి ఉండే అంగడి ఎక్కడుందో ముందే తెలుసుకోవాలి.

గాలి గురించి అనంతపురం వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉరవకొండ చుట్టూ అన్ని గాలిమరలు ఊరికే నిలబెట్టలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి. 20 వేగంతో తొక్కేవాడికి 20 వేగంతో ఎదురుగాలి తగిలితే, గాలి వల్ల పడే బరువు నాలుగింతలవుతుంది. అప్పుడు మీటరులో వేగం చూడొద్దు, ఊపిరిని బట్టి తొక్కండి. ఆ నెలల్లో పొద్దున్నే, గాలి ఇంకా లేవనప్పుడే పడమటికి, అంటే ఉరవకొండ, బళ్లారి వైపు పోయి తూర్పుకు తిరిగి రావాలి. తాడిపత్రి వైపు ముందు పోయినవాడికి పోయేటప్పుడు పండగే, సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు తెలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పగలు దూరాలు తొక్కకండి. అంతే.

రాత్రికి వెనక ఎర్రలైట్లు రెండు, మినుకుమినుకుమనేవి కాదు, నిలకడగా వెలిగేవి. ఒకటి ఆరిపోయినా తొక్కేవాడికి తెలియదు కాబట్టి రెండు. ప్రతిఫలించే జాకెట్టుతో పాటు చీలమండలకు పట్టీలు కట్టుకోవాలి. పైకీ కిందికీ ఆడే వెలుగును చూస్తే డ్రైవరుకు అది మనిషి అని తెలుస్తుంది. ముందు లైటు మనం చూడటానికే కాదు, రాంగ్ సైడులో లైటు లేకుండా అంచునే వచ్చే బైకులకు మనం కనపడటానికి కూడా. అంచున ఆగిన లారీలకు వెనక లైటు ఉంటుందని ఎప్పుడూ అనుకోకండి. కడప దాటాక గువ్వలచెరువు ఘాటు రాత్రిపూట వద్దనే మా మాట. దిగుడులో బ్రేకు పట్టే ఉంచితే రిమ్ము కాలుతుంది, పట్టి వదిలి, పట్టి వదిలి దిగాలి.

రాత్రి రెండు నుంచి ఐదు దాకా కళ్లు మూసుకుపోతాయి. సైకిల్ తెల్లగీత దాటి ఒక్కసారి లోపలికి ఊగిందంటే ఆగిపోవాలి. ఆర్టీసీ బస్టాండు బెంచీ మీద అలారం పెట్టుకొని ఇరవై నిమిషాలు నిద్రపోతే గంటన్నర బాగా తొక్కవచ్చు. పడుకునే ముందు కాఫీ తాగితే లేచేసరికి అది పని మొదలుపెడుతుంది. చెమట ఆగిపోయి ఒళ్లు కాలుతున్నా, అడిగినదానికి పొంతన లేని జవాబు వచ్చినా పోటీ ముగిసినట్టే. నీడకు చేరి ఒళ్లు తడుపుకొని 108కి ఫోను చేయాలి. జాతీయ రహదారి మీద సాయానికి 1033. ఈ రెండు నంబర్లూ, బ్లడ్ గ్రూపూ, ఇంటి నంబరూ కాగితం మీద రాసి హ్యాండిల్‌కు అంటించి ఉంచండి.

తల్లిదండ్రులు చేయగలిగింది లేకపోలేదు. ఫోనులో లొకేషన్ పంపించమనండి, ప్రతి రెండు గంటలకు ఒక మెసేజి చాలు. మధ్యలో మానేస్తే రైలో బస్సో ఎక్కి రమ్మనండి, లేదంటే పోయి తెచ్చుకోవడానికి కారు ఇంటి దగ్గర సిద్ధంగా ఉంచండి, రోడ్డు మీద కాదు.

మీ పత్రిక ద్వారా ఇంకో విన్నపం. పెట్రోలు బంకుల్లో గాలి, తాగునీరు, మరుగుదొడ్డి ఉచితంగా ఇవ్వాలన్న నిబంధన ఉంది. అర్ధరాత్రి తాళం వేయకుండా ఉంచితే మేలు. అయితే ఈ సైకిళ్లకు ఉండే సన్నటి ప్రెస్టా వాల్వుకు బంకు గాలి గొట్టం పట్టదు, చిన్న ఇత్తడి అడాప్టరు కావాలి. డోన్, గుత్తి, నంద్యాల, మైదుకూరు సైకిల్ అంగళ్లలో ఉండే 28 అంగుళాల ట్యూబు మామూలు సైకిల్‌ది, దాని రిమ్ము 635 మిల్లీమీటర్లు, రోడ్ సైకిల్‌ది 622. ఎలాగో మడిచి ఇరికించినా దాని లావు వాల్వు ఈ రిమ్ము చిల్లిలో దూరదు. ఆ నాలుగు ఊళ్లలో ఒక్కో అంగడివారు రోడ్ సైకిల్‌కు పట్టే 700సీ ప్రెస్టా ట్యూబులు అరడజను, ఇత్తడి అడాప్టర్లు నాలుగు తెప్పించి పెట్టుకొని, షట్టరు మీద ఫోను నంబరు రాసి ఉంచాలని కోరుతున్నాం.

భవదీయులు,
దూరాలు సైకిల్ తొక్కే కొందరం,
అనంతపురం