ఎమ్మారైలో చదరంగం

గుంటూరు

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

నీ పరిశోధన ప్రతిపాదన శ్రద్ధగా చదివాను. చదరంగంలో రేటింగ్ ఉన్నవారినీ, ఆట రానివారినీ ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి, ఒకే బోర్డును చూపించి, వారి మెదళ్ళలో కనిపించే తేడాను కొలుస్తానన్నావు. హంపి, హరికృష్ణ, హారిక వంటివారు ఎదిగిన మన విజయవాడ, గుంటూరు ప్రాంతంలో ఆటగాళ్ళకు కొదవ ఉండదు. అయితే కొత్తపేటలో స్కానింగ్ పని చేస్తున్నవాడిగా నాకొక అభ్యంతరం ఉంది. నీకు కనిపించే తేడా నైపుణ్యం వల్లనే వచ్చిందని ఈ ప్రయోగం నిరూపించజాలదు.

మా దగ్గరికి వచ్చే రోగి మెదడులో గడ్డ ఉంటే అది చిత్రంలో గడ్డగానే కనిపిస్తుంది. నువ్వు తీయబోయే చిత్రం అలాంటిది కాదు. నాడీకణాల పని పెరిగిన చోట రక్తంలోని ఆక్సిజన్ మోతాదు మారుతుంది, ఆ మార్పు అయిదారు సెకన్లు ఆలస్యంగా శిఖరానికి చేరుతుంది, యంత్రం పట్టుకునేది దానినే. ఒక స్థితిలోని కొలతలోనుంచి మరొక స్థితిలోని కొలతను తీసివేయగా గణాంక పరీక్షకు నిలిచినదే చిత్రంలో కనిపించే ఎర్రటి మచ్చ. కాబట్టి దేనిలోనుంచి దేనిని తీసివేశావన్నదే అసలు ప్రశ్న. ఆట రానివాడికి ఆ బోర్డు చూస్తే విసుగు పుట్టవచ్చు, అతని చూపు ఎక్కడెక్కడో తిరగవచ్చు. అదంతా నీ లెక్కలోకి నైపుణ్యం పేరుతోనే చేరిపోతుంది.

మనస్తత్వ శాస్త్రవేత్తలు చేజ్, సైమన్ 1973లోనే ఈ చిక్కుకు ఒక దారి చూపారు. నిజమైన ఆటలోని స్థితిని అయిదు సెకన్లు చూపితే మాస్టర్ చాలా పావులను తిరిగి సరైన గళ్ళలో పెట్టగలిగాడు. అవే పావులను ఇష్టం వచ్చినట్టు చెదరగొట్టి చూపితే అతని ఆధిక్యం దాదాపు మాయమైంది. నువ్వూ చెదిరిన బోర్డులను చేర్చాలి, కానీ అవి ఒక్కటే చాలవు. 2011లో మెదడు పరిశోధకుడు బిలాలిచ్ బృందం ప్రచురించిన ఫలితం చూడు. ముఖాలను గుర్తించడంలో ముఖ్యమైన ఫ్యూసిఫార్మ్ ప్రాంతం పూర్తి బోర్డును చూసినప్పుడు నిపుణులలో ఎక్కువగా స్పందించింది, పావులను చెదరగొట్టినప్పుడు ఆ స్పందన మారింది కూడా నిపుణులలోనే, వారు చేస్తున్న పని ఏదైనా సరే. ఆ స్పందన చూపిన బోర్డు తీరును బట్టి మారుతున్నదే తప్ప ఆట నైపుణ్యాన్ని నేరుగా చూపడం లేదంటే, ఆ మచ్చను చూపి ‘ఇదే ప్రతిభ’ అనడం తొందరపాటు కాదా?

అందువల్ల ఒకే బోర్డును రెండు పనులకు వాడు. ఒకసారి రాజుకు చెక్ ఉందా అని, మరొకసారి నల్ల గుర్రాలు ఎన్ని ఉన్నాయి అని అడుగు. కంటికి కనిపించేది అదే, మనసు చేసే పని వేరు. ఆ తేడా నిపుణులలోనూ కొత్తవారిలోనూ ఎలా మారుతుందో చూస్తే నీ మాటకు బలం వస్తుంది.

ప్రతిపాదనలో ‘ఆట మెదడును పెంచుతుంది’ అన్న వాక్యాన్ని మాత్రం దయచేసి కొట్టివేయి. 2014లో జ్యూరిక్ పరిశోధకులు చదరంగం నిపుణులలో మెదడు వెనుక భాగాన, ఆక్సిపిటల్, టెంపోరల్ భాగాలు కలిసే చోట, నాడీకణాలుండే బూడిదరంగు పదార్థం తక్కువగా ఉందని చూశారు. పైగా ఒక్కసారి తీసిన చిత్రం ఆ లక్షణం సాధన వల్ల వచ్చిందో, ముందే ఉండి ఆటవైపు లాగిందో చెప్పదు. పిల్లవాడికి చదరంగం అబ్బుతుందో లేదో స్కాన్ తీసి చెప్పమని అడిగే తల్లిదండ్రులు నీకూ ఎదురవుతారు, వారికి ఈ మాటే చెప్పు.

ఆటగాళ్ళకు ఆలోచించేటప్పుడు తల ఊపడం, గడ్డం పట్టుకోవడం అలవాటు. తల రెండు మూడు మిల్లీమీటర్లు కదిలినా ఆ కొలతలు పాడవుతాయి కనుక, జవాబును నోటితో కాకుండా వేలికింది బటన్‌తో ఇప్పించు, ముందుగా యంత్రం మోతను వినిపించి అలవాటు చేయించు. సవరించిన ప్రతిలో బోర్డుల జతలు ఎలా ఎంచుకున్నావో వివరంగా రాసి పంపితే, ఒక్కొక్కరికి ఎంతసేపు పడుతుందో నేను లెక్క కట్టి ఇస్తాను.

ఇట్లు,
మీ నాన్న