రాళ్ల సీమే, ఆ రాళ్లను చూడండి: పర్యాటక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో పుట్టి, అక్కడి బడుల్లోనే ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. మా ఊరి గుట్ట గురించి మీకు రాస్తున్నాను. ఊళ్లో ఆ గుట్టకు పేరుంది, దాని మీది ఒక్కో రాతి గుండుకూ పేరుంది. రెవెన్యూ రికార్డులో మాత్రం 'కొండ పోరంబోకు' అన్న ఒక్క మాటే ఉంది. ఆ ఒక్క మాట వల్ల గ్రానైటు క్వారీ వచ్చి, ఇవాళ గుట్టలో సగమే మిగిలింది.

రాయి తవ్వకం వేరే శాఖ పని కదా, నాకెందుకు రాశారని మీరు అడగవచ్చు. ఒక కొండ అందమైనదని చెప్పవలసిన బాధ్యత ప్రభుత్వంలో ఎవరికైనా ఉంటే అది మీ శాఖకే ఉంది. మీరు ఆ మాట చెప్పనంత కాలం, మిగతా అందరి లెక్కలోనూ ఆ కొండ ఇన్ని ఘనపు మీటర్ల గ్రానైటు, అంతే.

రతనాల సీమ కాస్తా రాళ్ల సీమ అయిందని సభల్లో, పాటల్లో వింటూ పెరిగిన తరం మాది. ఆ మాట అన్నవాళ్లు కరువు గురించి అన్నారు, అబద్ధం చెప్పలేదు. వెయ్యి అడుగుల బోరు వేసి దుమ్ము తప్ప చూడని రైతులు మా ఊళ్లోనే ఉన్నారు. బతుకుతెరువుకు బెంగళూరు పట్టిన కుటుంబాలు ఎన్నో. ఏప్రిల్, మే నెలల్లో మా దారుల్లో నడవమని నేను కూడా ఎవరినీ పిలవను. కానీ కరువు నేల అంటే చూడదగ్గది ఏమీ లేని నేల అన్న అర్థం ఆ మాటకు ఎప్పుడో అంటుకుంది. నా పోట్లాట దానితోనే.

మా అమ్మాయిని కోనసీమలో ఇచ్చాం. సంబంధం కుదిరాక వియ్యంకుడు గారు మొదటిసారి మా ఇంటికి వస్తూ, తిరుపతి నుంచి దారి పొడవునా కారు కిటికీలోంచి చూశారట. కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చోగానే, "బావగారూ, మీ వైపు దేవుడున్నాడు గానీ నేల లేదండీ" అన్నారు. మనసులో ఏమీ పెట్టుకోకుండా అన్న మాటే. అయినా నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు సాయంత్రం ఆయన్ను గుట్ట మీదకు తీసుకువెళ్లాను.

కార్తీక మాసం, వానలు వెనకబట్టి వారమైంది. మా గుట్టకు మెట్లు లేవు. చెప్పులు విడిచి పరుపు బండ మీద నడుచుకుంటూ పోవడమే. దగ్గరగా చూస్తే బండ ఒక రంగు కాదు. బూడిద, లేత ఆకుపచ్చ, ఆవపిండి రంగు పాచి చక్రాలు చక్రాలుగా పాకి ఉంటుంది. పగుల్లో వేలెడు మట్టి ఉన్న చోటల్లా గడ్డి కంకి వేసింది. పైన రెండు గుండ్ల నడుమ దోన ఉంది, బండలో వానా గాలీ తొలిచిన నీటి గుంట, నులక మంచమంత. నీళ్లు అడుగు దాకా తేటగా ఉన్నాయి, అడుగున రాతి నుంచి రాలిన ముతక ఇసుక మెరుస్తోంది. అంచున ఒక రాతి తొండ తల ఎత్తుతూ దించుతూ మమ్మల్ని చూసింది. తొలకరి రోజుల్లో మగ తొండ వీపు నిప్పులా ఎర్రబడుతుంది, ఆ కాలంలో ఆయన చూడలేదని ఇప్పటికీ నాకు లోటే.

పొద్దు వాలాక గుండుకు వీపు ఆనించి కూర్చున్నాం. పగటి ఎండ రాతిలోంచి వెచ్చగా వీపుకు తగులుతుంది, ముఖానికేమో చలిగాలి. కింద చెరువు, చెరువు వెనక మామిడి తోటలు, ఆ వెనక గుట్ట మీద గుట్ట, ఒక్కోటి ఒక్కో నీలం. వియ్యంకుడు గారు చీకటి పడేదాకా లేవలేదు. దిగేటప్పుడు అన్నారు: "మా వైపు ఇంత దూరం కనపడదండీ. కొబ్బరిచెట్లు అడ్డు."

మంత్రి గారూ, మీ శాఖ మా వైపు చూపించే అందాలు ఏవో ఒకసారి గమనించండి. తలకోన, 270 అడుగుల జలపాతం. పుత్తూరు పక్కన కైలాసకోన. బైరెడ్డిపల్లె అడవిలో కైగల్ జలపాతం. నాలుగు వేల అడుగులు దాటిన ఎత్తున హార్సిలీ కొండలు. అన్నీ గొప్పవే, అన్నిటికీ పిల్లల్ని తీసుకుపోయాను. అయితే అవన్నీ నీళ్లున్న చోట్లు, నీడ ఉన్న చోట్లు, చల్లటి చోట్లు. ఏనుగు మల్లమ్మ కొండగా ఉన్నదానికి, ఎండ తప్పించుకోవడానికి ఇల్లు కట్టుకున్న కడప కలెక్టరు హార్సిలీ పేరు వచ్చింది. అప్పటి నుంచి మన కొలత అదే. మా నేల మరో నేలలా కనిపించిన చోటే అందంగా ఉందంటున్నాం. మా నేల మా నేలలా ఉన్న చోట దానికి పోరంబోకు అని పేరు పెట్టాం.

ఆ గుండ్లు ఎవరో తెచ్చి పేర్చినట్టు ఉంటాయి. ఎవరూ పేర్చలేదు. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల గడ్డకట్టిన రాయి అది. పై పొరలు అరిగిపోయి బయటపడింది, పగుళ్లలో నీరు దిగి మూలలు కరిగాయి, మట్టి కొట్టుకుపోయి గుండు మిగిలింది. తిరుమల ఘాట్ రోడ్డులో ఈ కథకు రెండో భాగం ఉంది. కొండ కోసిన చోట కింద పాత రాయి, పైన పొరలు పొరలుగా క్వార్ట్జైటు అనే గట్టి రాయి, రెంటికీ నడుమ కోట్లాది ఏళ్ల విరామం. ఆ సంధినీ, కొండపైన శిలాతోరణాన్నీ భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూగర్భ స్మారకాలుగా గుర్తించింది. రోజూ అరవై డెబ్బై వేల మంది దర్శనానికి వస్తున్నారు, గోవింద నామం పలుకుతూ ఆ రాళ్ల పక్క నుంచే సాగిపోతున్నారు. వారిలో నూటికి ఒక్కరు ఒక రోజు ఎక్కువ ఉండి, మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు, పుంగనూరు మీదుగా మదనపల్లె దాకా వచ్చినా మా వైపు పేరు మారిపోతుంది. ఇలాంటి రాతి గుట్టలను నమ్ముకుని బతికే పసుపు గొంతు పికిలి పిట్ట దక్షిణ భారతంలో తప్ప లోకంలో మరెక్కడా లేదు. దాన్ని వెతుక్కుంటూ ఎక్కడెక్కడి నుంచో పక్షి ప్రేమికులు వస్తున్నారు, మనవాళ్లకు మాత్రం దాని పేరే తెలియదు.

గుట్ట తవ్వకం మొదలైనప్పుడు ఊరు రెండుగా చీలింది. క్వారీలో కూలి దొరుకుతుందని సంతోషించిన వాళ్లను నేను తప్పుపట్టను. నా దగ్గర చదువుకున్న పిల్లలే అక్కడ పనిలో చేరారు. కానీ లెక్క పూర్తిగా చూడాలి. మా పెద్దలు చెరువును గుట్ట కిందనే కట్టింది ఊరికే కాదు. బండ మీద పడిన చినుకు ఇంకదు, జారి వంకలో కలిసి చెరువు చేరుతుంది. గుట్టే మా చెరువుకు వాన పట్టే పళ్లెం. 2021 నవంబరులో మా చెరువు నిండి మొరవ పారితే ఊరంతా పసుపు కుంకుమలతో కట్ట మీదకు వెళ్లింది. ఇప్పుడు దిమ్మెలు కోయగా మిగిలిన పనికిరాని రాళ్లు ఆ వంకలోనే గుట్టలుగా పడి ఉన్నాయి. కోసిన దిమ్మెలు లారీలెక్కి పోయాయి. కూలి కొన్నాళ్లు ఉంటుంది, పోయిన గుండు మళ్లీ రాదు.

నేను అడిగేది కొత్తదేమీ కాదు. హైదరాబాదులో కొన్ని రాతి గుట్టలను పాత కట్టడాలతో సమానంగా వారసత్వ జాబితాలో చేర్చారు. నగరం నడిబొడ్డున, భూమి ధర ఆకాశాన్ని అంటిన చోట అది జరిగింది. మా దగ్గర ఎందుకు జరగకూడదు? పలమనేరు, పుంగనూరు, మదనపల్లె దారుల్లో కనిపించే గుట్టలను మీ శాఖ మనుషులు ఊరివాళ్లతో కలిసి తిరిగి చూసి, పేర్లతో సహా ఒక జాబితా రాయాలి. ఆ జాబితాలో ఉన్న గుట్టకు తవ్వకం అనుమతి ఇవ్వవద్దని ప్రభుత్వం ఉత్తర్వు ఇవ్వాలి. ముందు ఇది జరిగితే చాలు.

దయచేసి రిసార్టులు, గాజు వంతెనలు మాత్రం వద్దు. గుట్ట కింద మంచినీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి, పైకి పోయే దారికి సున్నపు గుర్తులు, వచ్చినవారిని వెంటబెట్టుకుని తిప్పడానికి ఊళ్లోని నలుగురు కుర్రవాళ్లకు జీతం. ఇంతే అవసరం. పలమనేరు నుంచి బెంగళూరు రెండు మూడు గంటల దారి. హంపిలో గుండ్లు చూడడానికి రాత్రంతా ప్రయాణం చేసే యువకులు ఆ నగరంలో ఎందరో ఉన్నారు. క్వారీలో దుమ్ము పీలుస్తున్న మా పిల్లలు వాళ్లకు దారి చూపగలరు. గుండ్ల పేర్లు, దోనల కథలు మా పిల్లలకు తాతల నుంచి వచ్చినవే.

కార్తీకం నుంచి పుష్యం దాకా ఎప్పుడైనా రండి. కాన్వాయ్ అక్కర్లేదు, సాయంత్రం నాలుగింటికి చెరువు కట్ట దగ్గర దిగితే నేను వెంట వస్తాను. పడమటి సగం ఇంకా తవ్వలేదు. దోన ఆ సగంలోనే ఉంది.

ఇట్లు,
పలమనేరు వైపు నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు