వినియోగదారుల సంఘం వార్షిక నివేదిక (2024 ఏప్రిల్ – 2025 మార్చి)

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, ఇంత ఎండలోనూ హనుమకొండ దాకా వచ్చిన సభ్యులకు నమస్కారం. సంఘం ఎందుకు పెట్టుకున్నామో అందరికీ తెలిసిందే, మళ్లీ చదవను.

ఈ ఏడాది మనం గట్టిగా చెప్పుకోవాల్సింది విత్తనాల శిబిరం. మిరుగు (మృగశిర కార్తె) రాకముందే, రైతులు దుకాణాలకు బయల్దేరకముందే, నర్సంపేట వైపు ఒక ఊళ్లో బడి ఆవరణలో పెట్టాం. ఉపన్యాసాలు వద్దనుకున్నాం. ఖాళీ పత్తి ప్యాకెట్లు చేతికిచ్చి, లాట్ నంబరు ఎక్కడుందో, గడువు తేదీ ఎక్కడుందో వేలు పెట్టి చూపించమన్నాం. ఏళ్ల తరబడి పత్తి పెడుతున్నవాళ్లు కూడా చాలామంది ధర దగ్గరే ఆగిపోయారు. ఇంతలో ఒక రైతు జేబులోంచి మడత పెట్టిన తెల్ల చీటీ తీసి, "ఇది బిల్లే గద సారూ" అన్నాడు. దాని మీద "పత్తి 4" అని, కింద మొత్తం, అంతే. దుకాణం పేరు లేదు, తేదీ లేదు, కంపెనీ లేదు, లాట్ నంబరు లేదు. ఆ చీటీ వరుసలన్నీ తిరిగొచ్చేసరికి బిల్లు గురించి మేం చెప్పాల్సింది పెద్దగా మిగల్లేదు.

రైతు వినియోగదారుడెట్లా అవుతాడని వాదించే డీలర్లు ఇంకా ఉన్నారు. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్, మధుసూదన్ రెడ్డి కేసులో సుప్రీంకోర్టు 2012లోనే ఆ సంగతి తేల్చింది. విత్తనం కొన్న రైతు వినియోగదారుడే. 1966 విత్తనాల చట్టం ఉన్నా వినియోగదారుల ఫోరానికి పోవచ్చు. పరీక్ష కోసం గింజలు దాచిపెట్టలేదని అతని ఫిర్యాదు కొట్టేయడానికి లేదు. అయినా గుప్పెడు గింజలు, ఖాళీ ప్యాకెట్, బిల్లు పంట చేతికొచ్చేదాకా దాచుకొమ్మనే చెప్పాం. గెలవడం వేరు, చెప్పులరిగేలా తిరగకుండా గెలవడం వేరు. మొలక రాకపోతే చేను దున్నకముందే వ్యవసాయాధికారికి రాసిచ్చి, ఆ కాగితం మీద అందినట్టు సంతకం తీసుకొమ్మన్నాం.

శిబిరానికి వస్తానన్న అధికారి రాలేదు. పొద్దున ఫోన్ చేస్తే "దారిలో ఉన్నా" అన్నారు, మధ్యాహ్నానికి ఫోనే ఎత్తలేదు. ఆయన కోసం తెచ్చిన శాలువా హెడ్మాస్టరు గారికి కప్పాం. నిజానికి ఆయనకే తగింది.

మిగతా ఏడాదంతా ఫోన్ మోసాలతోనే గడిచింది. పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు గుంజే "డిజిటల్ అరెస్టు" గురించి కాజీపేటలో రిటైరైన ఉద్యోగులకు చెప్పాం. వీడియో కాల్‌లో అరెస్టు చేసే పద్ధతి ఏ చట్టంలోనూ లేదు. 2024 అక్టోబరు 27న ప్రధాని మన్ కీ బాత్‌లోనూ ఇదే చెప్పారు. బాగా చదువుకున్నవాళ్లే దీనికి ఎక్కువ భయపడటం మాకు వింతగా అనిపించింది. స్కాన్ చేస్తే పైసలు వస్తాయని మోసగాళ్లు పంపే క్యూఆర్ కోడ్ సంగతి మహిళా సంఘాల అక్కలకు మాత్రం స్కాన్ చేయించే చూపించాం. తెర మీద పిన్ అడగ్గానే ఒక పెద్దమ్మ, "పైసలు వచ్చేదానికి పిన్ కొట్టుడెందుకు బిడ్డా?" అంది. మా కరపత్రంలో రెండు పేరాలు తిన్న విషయం అది. రెండోసారి అచ్చు వేయించినప్పుడు ఆమె మాటనే పైన పెట్టించాం.

ఒక బాధ కూడా చెప్పాలి. డబ్బు పోయినవాళ్లు మన దగ్గరకు వచ్చేది రోజులు గడిచాక. కొడుక్కి తెలుస్తుందని, కోడలు ఏమంటుందోనని దాస్తారు. పోయిన నిమిషానే 1930కి ఫోన్ చేస్తే ఆ సొమ్ము ఇంకా ఏదో ఖాతాలో ఆపగలిగే అవకాశం ఉంటుంది, తర్వాత అది ఎన్ని చేతులు మారుతుందో ఎవరికీ అంతుచిక్కదు. 1930 సైబర్ మోసాలకు, 1915 సరుకుల, సేవల ఫిర్యాదులకు. ఈ రెండూ కలిపేసుకునేవాళ్లు మన సభ్యుల్లోనే ఉన్నారు.

ఫిర్యాదులు రాసిపెట్టడం ఎప్పట్లాగే సాగింది. చెల్లించిన సొమ్ము 50 లక్షల దాకా అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే పోవచ్చు, 5 లక్షల దాకా ఫీజు లేదు, గడువు రెండేళ్లు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక వస్తువు ఎక్కడ కొన్నా మనం ఉండే చోటే కేసు వేయొచ్చు. లాయర్ తప్పనిసరి కాదు. 2025 జనవరి నుంచి ఆన్‌లైన్ దాఖలు ఈ-జాగృతి అనే పోర్టల్‌లోకి మారింది, అది నేర్చుకోవడానికి ఇద్దరు కుర్రాళ్లు ముందుకొస్తే బాగుండు.

కుర్రాళ్ల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మార్చి 15 వినియోగదారుల హక్కుల దినం కార్యక్రమానికి కిందటి సమావేశంలో చేతులెత్తినవాళ్లంతా ఏమయ్యారు? బల్లలు మోసింది మళ్లీ పాతవాళ్లే. ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు రాకపోతే బ్యానర్ కట్టే దిక్కు లేకపోయేది.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు, ఆడిట్ అయింది, కాపీలు బల్ల మీద ఉన్నాయి. సభ్యత్వ రుసుము బాకీలు మాత్రం పేరుకుపోయాయి.

కుర్చీలకు కిరాయి తీసుకోని టెంట్‌హౌస్ వారికి, కరపత్రాలు అప్పు మీద వేసిచ్చిన ప్రెస్ వారికి, శిబిరం రోజు బువ్వ వండిపెట్టిన ఊరి అక్కలకు, బడి పిల్లలకు, ఆటో అన్నలకు, ఆ చీటీని మాకే వదిలేసిన రైతుకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

వచ్చే ఏడాదికి చిట్టీల మీద పని పెట్టుకోవాలని కార్యవర్గం ప్రతిపాదన. 1982 చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం తమ గ్రూపు రిజిస్ట్రార్ దగ్గర నమోదైందో లేదో మనలో ఎంతమంది చూసుకున్నారో చర్చలో చెప్పండి. నివేదికను ఆమోదించవలసిందిగా సభను కోరుతున్నాను.

కార్యదర్శి