పెట్టెలో 44 కొవ్వొత్తులు

అష్దోద్, ఇజ్రాయెల్,
గురువారం రాత్రి

బంగారుతల్లీ,

మొన్న ఫోన్లో "వాళ్ళ దీపావళి అయిపోయిందా అమ్మా, టపాసులు కాల్చారా?" అని అడిగావు. సఫ్తాకి మందులిచ్చే టైమని పెట్టేశాను. ఇప్పుడావిడ పడుకుంది, తీరిగ్గా రాస్తున్నాను. సఫ్తా అంటే ఇక్కడ అమ్మమ్మకీ నానమ్మకీ ఒకటే పిలుపు. నేను చూసుకునే ఈ పెద్దావిణ్ణి నేనూ అలాగే పిలుస్తాను.

టపాసులు లేవు. సైరన్ మోగితే లేచి పరిగెత్తడం అలవాటైన ఊరిది, మళ్ళీ చప్పుళ్ళెందుకు? ఈ యూదుల పండగ పేరు హనుక్కా. మొత్తం ఎనిమిది రాత్రులు, ఇవాళ అయిదోది. వాళ్ళ కిస్లేవ్ నెల 25న మొదలవుతుంది. నెలలు చంద్రుణ్ణి బట్టి లెక్క కాబట్టి మనకి తారీకు మారుతూ ఉంటుంది. పోయినేడు సరిగ్గా క్రిస్మస్ సాయంత్రం మొదటి దీపం పెట్టారు, ఈ ఏడు 14నే. అమావాస్యకి అటూ ఇటూ వచ్చే చీకటి రాత్రులివి. దీపావళితో పోలిక అక్కడివరకే.

మన బైబిల్లో యోహాను సువార్త పదో అధ్యాయం తీసి చూడు. ఆలయ ప్రతిష్ఠిత పండుగ అని ఉంటుంది, అదే ఇది. హనుక్కా అంటే ప్రతిష్ఠ అనే అర్థం. చిన్నప్పట్నుంచీ ఎన్నిసార్లు చదివానో, ఆ మాట దగ్గర ఒక్కసారీ ఆగలేదు. సిరియా నుంచి ఏలే అంతియొకసు అనే గ్రీకు రాజు క్రీ.పూ. 167లో యెరూషలేము ఆలయంలో తన దేవుడికి బలులు పెట్టించాడు. సబ్బాతు అనే విశ్రాంతి దినం పాటించకూడదు, పిల్లలకి సున్నతి చెయ్యకూడదు అన్నాడు. మోదీన్ అనే పల్లెలో మత్తతియ అనే ముసలి యాజకుడు ఎదురుతిరిగాడు. ఆయన పోయాక కొడుకు యూదా పోరాటం సాగించి క్రీ.పూ. 164లో ఆలయాన్ని మళ్ళీ చేతికి తెచ్చుకున్నాడు. అంతా శుభ్రం చేసి, కొత్త బలిపీఠం కట్టి ఎనిమిది రోజులు పండగ చేశారు. అప్పుడు ప్రధాన యాజకుడి ముద్రతో ఒకే ఒక్క నూనె బుడ్డి దొరికిందట. ఒక్కరోజుకి వచ్చే నూనె ఎనిమిది రోజులు వెలిగిందట. ఈ నూనె సంగతి ఆ పోరాటం కథ చెప్పే మక్కబీయుల గ్రంథాల్లో లేదు, వందల ఏళ్ళ తర్వాతి తల్ముదు అనే యూదుల ధర్మగ్రంథంలో ఉంది. సఫ్తా మనవడు ఈ మాట ఎత్తితే చాలు, "అయితే నువ్వు స్ఫెంజ్ తినకు" అంటుంది ఆవిడ.

స్ఫెంజ్ అంటే సఫ్తా పుట్టిన మొరాకో వంట. నూనె పండగ కదా, ఈ వారమంతా నూనెలో వేగినవే తినాలి. బజారు నిండా జామ్ కుక్కిన సుఫ్గనియోత్. బన్నులా ఉంటాయి, నాకు పెద్దగా నచ్చవు. స్ఫెంజ్ వేరు. మైదా, ఈస్టు, నీళ్ళు కలిపి చేతికి అంటుకునేంత జారుగా ఉంచి పొంగనిస్తారు. తర్వాత చెయ్యి తడుపుకుని ముద్ద తెంపి, బొటనవేలితో చిల్లు పెట్టి, కాస్త సాగదీసి నూనెలో వదలాలి. సఫ్తాకి ఇప్పుడు చేతులు వణుకుతాయి, కుర్చీలో కూర్చుని చెబుతుంది, నేను చేస్తాను. మొదటిసారి వేసినప్పుడు "నీకెవరు నేర్పారు?" అని నోరు తెరిచింది. గారెలు వేసే చేతికి ఒకరు నేర్పాలా!

దీపాల దగ్గర మాత్రం తిట్లు తిన్నాను. స్టాండుకి తొమ్మిది గూళ్ళు. ఎనిమిది రాత్రులకి ఎనిమిది, తొమ్మిదోది షమాష్. మిగతావాటిని వెలిగించేది అదే, కానీ లెక్కలోకి రాదు. రోజుకొకటి పెరుగుతుంది. కుడి నుంచి గుచ్చుకుంటూ రావాలి, వెలిగించేటప్పుడు ఎడమవైపు కొత్తదానితో మొదలుపెట్టాలి. నేను తిరగేసి చేశాను. అది చాలనట్టు, గదిలో లైటు ఆర్పేస్తే మాత్రల అట్ట ఆ వెలుగులో పెట్టి పేరు చదవబోయాను. సఫ్తా నా మణికట్టు పట్టుకుని లాగేసింది. అవి చూడటానికే, ఆ వెలుగులో పని చేసుకోకూడదట. ఎవరైనా పొరపాటున చేసుకున్నా అది షమాష్ వెలుగులో చేసినట్టవుతుందని దాన్ని కాస్త ఎత్తులో పెడతారు. అట్ట దాని దగ్గర పట్టుకోమని తనే చూపించింది. షమాష్ అంటే సేవకుడు అని అప్పుడే చెప్పి, "నీలాగే" అని నవ్వింది. నవ్వాలో వద్దో నాకు ఆ రోజు తెలియలేదు.

కొవ్వొత్తులు ఇక్కడ పెట్టెల్లో అమ్ముతారు, ఒక్కో పెట్టెలో 44. ఎందుకో లెక్క వేసి చెప్పు, షమాష్‌ని మర్చిపోకు. కిటికీలో వీధివైపు పెడతారు, దారినపోయేవాళ్ళకి కనబడాలని. అవి వెలిగే అరగంటసేపు ఆడవాళ్ళు పని ముట్టుకోకూడదు. ఇంతకంటే మంచి ఆచారం నేను ఎక్కడా చూడలేదు. సఫ్తా నన్నూ పక్కన కూర్చోబెట్టుకుంటుంది. ఎదుటి బిల్డింగులో ఎన్ని కిటికీల్లో దీపాలున్నాయో ఇద్దరం లెక్కపెడతాం, ఎప్పుడూ మా లెక్కలు కలవవు.

రేపు శుక్రవారం, సాయంత్రానికి సబ్బాతు మొదలవుతుంది. సబ్బాతు దీపాల కంటే ముందే ఇవి వెలిగించేయాలి, చీకటి పడ్డాక కూడా వెలుగుతూ ఉండాలి. అందుకని పొద్దున్నే వెళ్ళి లావు కొవ్వొత్తులు తేవాలి.

తమ్ముడికి ఈ పండక్కి పిల్లలు తిప్పే బొంగరం ఒకటి పంపుతున్నాను, మనూరివాళ్ళు వస్తుంటే ఇచ్చాను. నాలుగు పలకలు, ఒక్కో పలకమీద ఒక్కో మాట మొదటి అక్షరం. ఆ మాటలు కలిపితే "గొప్ప అద్భుతం ఇక్కడ జరిగింది" అని. బయటి దేశాల్లో అమ్మే బొంగరాలమీద "ఇక్కడ" బదులు "అక్కడ" అని ఉంటుందట. మన అరుగుమీద తిప్పాలంటే అలాంటిదే తేవాలి, కానీ ఈ ఊళ్ళో నాకు దొరకలేదు. వాడికి చదవడం రాదులే, తిప్పుకోమను.

మీ అమ్మ