రీరికార్డింగుకు రికార్డు లేదు: కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రికి బహిరంగ లేఖ

మంత్రిగారికి నమస్కారం.

ఒక పాత నలుపు తెలుపు సినిమాలో అరనిమిషం పాటు మోగే వీణ కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను. కథానాయిక దీపం తగ్గించి గది దాటుతుంది. మాట ఉండదు, పాట ఉండదు, వీణ ఒక్కటే. చిన్నప్పుడు ఆ సినిమా టీవీలో వేసినప్పుడు టేప్ రికార్డరును స్పీకరుకు ఆనించి పట్టుకున్నాను. క్యాసెట్‌లో వీణతో పాటు ఇంట్లో ఎవరో దగ్గిన దగ్గూ పడింది. ఇన్నేళ్ళయినా దగ్గు లేని వీణ నాకు దొరకలేదు. అది పాటయితే ఏ రికార్డులోనో ఉండేది. రీరికార్డింగ్, అంటే సన్నివేశం వెనక మోగే నేపథ్య సంగీతం కదా, ఎక్కడా లేదు.

మనకు సినిమా సంగీతమంటే పాటలే. పాటల్లోనూ రికార్డుకెక్కినవే. నిమిషానికి 78 చుట్లు తిరిగే 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డు ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. పాట అంతకు మించితే ఒక చరణం ఎగిరిపోయేది, లేదా పాటను రెండు వైపులకూ పంచేవారు. అందుకే కొన్ని చరణాలు సినిమాలో తప్ప ఇంకెక్కడా వినపడవు. తిరగేసి చూస్తే, నిడివి ఎక్కువైందని సినిమాలోంచి తీసేసిన పాట రికార్డులో మాత్రం బతికుంటుంది. పద్యాలు, పాటకు ముందు తాళం లేకుండా పాడే సాకీలు, ఒకటి రెండు చరణాల బిట్ సాంగులు చాలావరకు రికార్డు మొహమే చూడలేదు. రేడియోలో మోగేది రికార్డే కనుక, రికార్డు లేనిది అసలు లేనట్టే అయిపోయింది.

ఆకాశవాణిని తప్పుపట్టడం నాకు చేతకాదు. 1957లో మొదలైన వివిధ భారతి లేకపోతే నా చెవులకు ఈ పిచ్చి పట్టేదే కాదు. పాట వేసే ముందు పాడినవారు, రాసినవారు, స్వరపరిచినవారు అంటూ పేర్లు చదివేవారు. ఆ పేర్లు వినీ వినీ మాకూ నోటికి వచ్చేశాయి. వాయించినవారి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నిశ్శబ్దం. సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు గారి వాద్యబృందంలో వీణ వాయించిన చిట్టిబాబు గారు తర్వాత కచేరీ విద్వాంసులయ్యారు గనుక ఆ పేరు మనకు తెలుసు. ఆయన పక్కన కూర్చున్న వయొలిన్లకు, ఫ్లూటుకు, తబలాకు పేర్లేవీ?

పేరున్నవాళ్ళ సంగతీ అంత గొప్పగా లేదు. మాయాబజార్ (1957) టైటిల్స్‌లో సంగీతం ఘంటసాల అని ఉంటుంది. ‘లాహిరి లాహిరి’తో సహా అందులో నాలుగు పాటల బాణీలు సాలూరి రాజేశ్వరరావు గారివి. ఆయన మధ్యలో తప్పుకుంటే, ఘంటసాల గారు వాటికి వాద్యాలు కూర్చి రికార్డు చేసి, మిగతావి తాను కట్టారు. మల్లీశ్వరి (1951) బాణీలు రాజేశ్వరరావు గారివే, ఆర్కెస్ట్రా అద్దేపల్లి రామారావు గారిది. ఆ పాటల్లో పల్లవికి ముందు, చరణాల మధ్య వచ్చే వాద్యాలను విని కళ్ళు మూసుకోని తెలుగువాడు లేడు. అద్దేపల్లి పేరు చెప్పగలిగినవాళ్ళు మాత్రం ఏ సభలోనైనా ముగ్గురో నలుగురో.

ఇక రీరికార్డింగు. ఆ రోజుల్లో తెర మీద రీలు ఆడుతుంటే, దాన్ని చూస్తూ ఆర్కెస్ట్రా అంతా ఒక్కసారిగా వాయించేది. ఆ తర్వాత మాటలు, శబ్దాలు, సంగీతం అనే మూడు ట్రాకులను కలిపి ఒకే ట్రాకు చేసేవారు. అదే ప్రింటు మీదికెక్కేది. కలిపేశాక విడి సంగీతంతో ఎవరికి పని? పైగా ఎసిటేటు అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్మూ టేపూ వేడికి, తేమకు పాడై పుల్లటి వాసన కొడతాయి. వెనిగర్ వాసన వచ్చిన డబ్బాలో సంగీతం సగం పోయినట్టే. మాయాబజార్‌కు 2010లో రంగులద్ది, శబ్దం శుభ్రం చేసే భాగ్యం పట్టింది. అన్ని సినిమాలకూ అది పడుతుందా?

మీకే ఎందుకు రాస్తున్నానంటే, సెన్సారు బోర్డు, ఆకాశవాణి, జాతీయ అవార్డులు, పాత సినిమాలను భద్రపరచడానికి పుణెలో 1964 నుంచి ఉన్న ఫిల్మ్ ఆర్కైవు అన్నీ మీ శాఖ నీడలోనివే. పుస్తకం అచ్చువేస్తే ప్రతులు గ్రంథాలయాలకు పంపాలని 1954లోనే చట్టం చేశారు. సినిమాకు, రికార్డుకు అలాంటి చట్టం ఇప్పటికీ లేదు. సెన్సారు సర్టిఫికెట్టు ఇచ్చేటప్పుడే సంగీతం ట్రాకును విడిగా, వాయించినవారి పేర్లతో సహా ఆర్కైవుకు ఇవ్వాలన్న నిబంధన పెట్టండి. ఇప్పుడు ట్రాకులన్నీ కంప్యూటర్లోనే విడివిడిగా ఉంటాయి కనుక నిర్మాతకు అది పెద్ద భారం కాదు. నేపథ్య సంగీతానికి 2009 నుంచి ఏటా విడిగా జాతీయ అవార్డు ఇస్తున్నారు. కనీసం అవార్డు పొందిన సంగీతంతోనైనా మొదలుపెట్టవచ్చు.

పాతవాటి కోసం రికార్డులు కూడబెట్టుకున్నవాళ్ళ గడప తొక్కాలి. తన దగ్గరున్న ప్రతిని భద్రపరచడానికి ప్రజా గ్రంథాలయం డిజిటల్ నకలు తీసుకోవచ్చని 2012 సవరణ తర్వాత కాపీరైటు చట్టమే చెబుతోంది. ముందు ఆ ప్రతి గ్రంథాలయానికి చేరాలి, చిక్కంతా అక్కడే. రికార్డులు కూడబెట్టుకున్నవాళ్ళలో చాలామంది పెద్దవాళ్ళయ్యారు. వాళ్ళ తర్వాత ఆ రికార్డులు తూకానికి పోతాయి. మీ మనుషులు తూకంవాడి కంటే ముందు రావాలి.

మొదటి విరాళంగా నా క్యాసెట్ ఇస్తాను, దగ్గుతో సహా.

ఇట్లు
ఒక శ్రోత