పచ్చ బండి చేసిన పాపమేంటి?

సంపాదకులు గారికి నమస్కారం.

నేను పర్లాకిమిడిలో బస్టాండుకి కాస్త ఇవతల బైకులకి డెంటింగు, పెయింటింగు చేసుకునే మనిషిని. ఇరవై రెండేళ్ళుగా గన్ను పట్టుకునే బతుకుతున్నాను, పెయింటు గన్ను లెండి. మీ పేపరు మా షాపుకి రోజూ వస్తుంది. ముందు చదువుతాం, తర్వాత హెడ్‌లైటు మీద, మీటరు మీద రంగు పడకుండా అంటిస్తాం. కోపం తెచ్చుకోకండి, చదివాకే అంటిస్తాం.

ఆ మధ్య ఒక ఆదివారం మీ ఆటల పేజీలో కింద మూలన ఒక ముక్క వేశారు. స్పీడ్‌వే అనే మోటార్‌సైకిల్ రేసుల్లో ఆకుపచ్చ అపశకునమనీ, ఇంగ్లండు రేసర్లు ఆ రంగు దగ్గరికే పోరనీ. మీకు అది జాగా నింపడానికి వేసిన అయిదు లైన్లు. మాకు సోమవారం పొద్దున్నే గుమ్మంలోకి వచ్చిన తగువు.

షట్టరు సగం ఎత్తానో లేదో తండ్రీ కొడుకూ దిగారు. కొడుకు నడుపుతున్నాడు, వెనక తండ్రి, ఆయన చేతిలో మడతపెట్టిన మీ పేపరు. బండి కొని నలభై రోజులు, మెటాలిక్ గ్రీన్, ఎండ పడితే నెమలి మెడలా మెరుస్తోంది, సీటు మీద ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా తియ్యలేదు.

"మేస్త్రీ, దీన్ని ఎర్రగా చేసీ" అన్నాడు తండ్రి.

"ఏటయింది?" అన్నాను.

నలభై రోజుల్లో రెండు పంక్చర్లట. కాశీనగర్ రోడ్డులో గేదె అడ్డొచ్చి కుర్రాడు పడ్డాడట, మోచెయ్యి చెక్కుకుపోయి ఉంది, నేనూ చూశాను. అప్పటికే ఇంట్లో గుసగుసలు ఉన్నాయి, మీ ముక్క చూశాక ఇంక ఆగలేదు. "సూడు, తెల్లోల్లే భయపడతన్నారు, మనమెంత?" అని పేపరు నా మొహం ముందు పెట్టాడు. కుర్రాడు తండ్రి వెనక నిలబడి, వద్దని చెప్పు మావయ్యా అన్నట్టు కళ్ళతోనే బతిమాలుకుంటున్నాడు.

ఆయనకి ఆ రోజు చెప్పలేక నీళ్ళు నమిలినవన్నీ ఇప్పుడు మీకు రాస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదవండి. ఈ స్పీడ్‌వే సంగతి మా ఊళ్ళో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదేమో. గొప్ప కోసం చెప్పడం లేదు, మా మేనల్లుడు పోలండులో టొరున్ అనే ఊళ్ళో గోడౌన్లో పని చేస్తున్నాడు. ఆ దేశంలో మనకి క్రికెట్టు ఎలాగో వాళ్ళకి ఇదలాగ, ఆదివారం వస్తే స్టేడియం కిటకిటలాడిపోతుంది. వాడు అక్కణ్ణుంచి వీడియో కాల్ చేస్తే షాపులో మేం నలుగురం ఫోను చుట్టూ మూగుతాం.

మొదటిసారి చూసినప్పుడు నాకు నిజంగా చెమటలు పట్టాయి. బండికి బ్రేకు ఉండదు, మీరు సరిగ్గానే చదివారు, అసలు ఉండదు. ఒకటే గేరు, 500 సీసీ ఇంజను, పెట్రోలు బదులు మిథనాల్ తాగుతుంది. బరువు 77 కిలోలకి తగ్గకూడదని రూలు, మనం పాల క్యాన్లు కట్టుకుని తిరిగే 100 సీసీ బండే 110 కిలోలు తూగుతుంది, కాబట్టి అది ఎంత బక్క బండో, దానికి అంత ఇంజనంటే ఎలా లాగుతుందో మీరే ఊహించుకోండి. నలుగురు ఒక్కసారి బయల్దేరతారు, కోడిగుడ్డు ఆకారం ట్రాకు మీద ఎడమ వైపే తిరుగుతూ నాలుగు రౌండ్లు, ఓ నిమిషంలో అయిపోతుంది, ఇలాంటి ఒక్కో పరుగునీ హీటంటారు. వంపులో బండి ఎడమకి తిరుగుతుంటే ముందు చక్రం కుడికి చూస్తుంటుంది, వెనక చక్రం మట్టిలో జారుతూ పోతుంది, ఎడమ కాలి బూటు కింద ఇనప తొడుగు నేల మీద ఆనించుకుంటూ మనిషి దాని మీద కూర్చుంటాడు. ముందొచ్చినవాడికి 3 పాయింట్లు, తర్వాత 2, 1, ఆఖరివాడికి సున్నా.

ఇక రంగు సంగతి. హెల్మెట్ మీద గుడ్డ టోపీ తొడుగుతారు, మన పిల్లలకి మంకీ క్యాపు తొడిగినట్టు. ఎరుపు, నీలం, తెలుపు, పసుపు, ఈ నాలుగే. (మా అమ్మ ఫోనులో చూసి "ఆ పచ్చ టోపీవోడు బాగా తోలతన్నాడ్రా" అంది, చూస్తే పసుపు టోపీ. మన వైపు ముసలాళ్ళకి పసుపూ పచ్చే, ఆకూ పచ్చే. మరి ఆమెకి పచ్చ అపశకునమని చెబితే ఏ పచ్చ అని అడగదా?) లీగు మ్యాచుల్లో సొంతూరు జట్టుకి ఎరుపు, నీలం, బయటి ఊరి నుంచి వచ్చినవాళ్ళకి తెలుపు, పసుపు. ఆటగాడు నాకు ఫలానా రంగు కావాలి అనడానికి లేదు, ఏ హీట్లో ఎవరు ఏ టోపీయో షీటులో ముందే రాసి ఉంటుంది. ఇంత ఏర్పాటూ ఎందుకంటే దుమ్ము లేచి నలుగురూ ఒకరి మీద ఒకరు పడిపోయేలా దూసుకొస్తున్నప్పుడు ఎవడు ఎవడో పైన కూర్చున్న రిఫరీకి కనపడాలని. చూసే కంటి కోసం పెట్టిన రంగు అది, తలరాత మార్చడానికి పెట్టింది కాదు. మరి ఆకుపచ్చ ఎందుకు లేదంటారా? ట్రాకు మధ్యలో అంతా గడ్డి, రంగులు కలుపుకుని బతికేవాడిగా చెబుతున్నాను, గడ్డి వెనకాల ఉండగా నేనైతే తల మీద పచ్చ పెట్టను.

అదృష్టం అసలు లేదని నేననను. ఉంది, కానీ అది టోపీలో లేదు, గేటులో ఉంది. బయల్దేరేటప్పుడు నలుగురికీ నాలుగు గేట్లు, లోపలిదైతే దారి దగ్గర. కానీ నాలుగైదు హీట్లు అయ్యేసరికి లోపల మట్టంతా ఎగిరి బయటి వైపు గుట్ట పడుతుంది, అప్పుడు బయటివాడికి పట్టు దొరుకుతుంది, ఈలోపు ట్రాక్టరు వచ్చి మళ్ళీ చదును చేస్తుంది, లెక్క మళ్ళీ మొదటికి. అందుకే జట్టు లేకుండా ఎవరికి వాళ్ళే దిగే సోలో పోటీల్లో పదహారు మంది, ఇరవై హీట్లు, ఒక్కొక్కరూ అయిదుసార్లు దిగేలా, ప్రతివాడూ మిగతా పదిహేను మందిలో ప్రతి ఒక్కరితో ఒకసారి తలపడేలా, గేట్లు కూడా అందరికీ మారేలా షీటు వేస్తారు. అదృష్టాన్ని పంచుకునే పద్ధతి అంటే అదీ.

పచ్చకి చెడ్డపేరు ఎక్కడిదో కూడా చెబుతాను, మేనల్లుడు చదివి చెప్పాడు. కార్ల రేసుల వైపు ఎక్కువ మంది చెప్పుకునే కథ అమెరికాది. గాస్టన్ షెవ్రొలే అనే ఆయన 1920 మేలో ఇండియానాపొలిస్ 500 గెలిచాడు, అదే ఏడాది నవంబరులో బెవర్లీ హిల్స్‌లో రేసులో చనిపోయాడు, ఆ రోజు ఆయన తోలిన కారు పచ్చదని అంటారు. సరే. ఆయన ఢీకొన్న కారులో ఎడ్డీ ఓడొనెల్ అనే ఇంకో డ్రైవరు కూడా పోయాడు కదా, ఆ కారు రంగేమిటని ఇంతవరకు ఎవరైనా అడిగారా? ముందే ఒక రంగుని అనుమానించి కూర్చుంటే మిగతా రంగుల ప్రమాదాలు లెక్కలోకే రావు.

అదే ఇండియానాపొలిస్‌లో 1965లో జిమ్ క్లార్క్ పచ్చ లోటస్ కారులో 200 రౌండ్లలో 190 రౌండ్లు తనే ముందుండి గెలిచాడు. బైకుల్లోకి వస్తే, 1969లో అమెరికాలో డేటోనా రేసుకి కవాసకీవాళ్ళు చిలకపచ్చ రంగుతో దిగారు, అందరూ వద్దనే రంగు కాబట్టే ఎంచుకున్నారని అంటారు. ఆ పచ్చ కవాసకీ మీదే జొనాథన్ రే 2015 నుంచి 2020 దాకా వరసగా ఆరుసార్లు వరల్డ్ సూపర్‌బైక్ ఛాంపియన్. స్పీడ్‌వేలోనే కావాలంటే పోలండులో జెలోనా గూరా అని ఊరుంది, ఆ పేరుకి అర్థమే పచ్చ కొండ. ఆ ఊరి జట్టు రంగుల్లో పచ్చ ఉంది, 2009లో, 2011లో, 2013లో పోలండు లీగు గెలిచింది. ఇంకో తమాషా ఏమిటంటే, స్పీడ్‌వేలో అందరూ సిద్ధంగా ఉన్నారని రిఫరీ వేసే లైటు ఆకుపచ్చ, ఆట ఆపడానికి వేసేది ఎరుపు. పచ్చ అంటే నిజంగా వణికేవాళ్ళయితే రోజుకి ఇరవైసార్లు ఆ లైటు వెలుగులో బయల్దేరతారా?

నాకు నచ్చిన రంగు కథ మాత్రం ఇవాన్ మాగర్‌ది. న్యూజిలాండు మనిషి, ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్. 1968, 69, 70 వరసగా మూడేళ్ళు గెలిస్తే, ఇద్దరు అమెరికా అభిమానులు ఆయన బండికి బంగారు పూత పూయించారు. చూశారా, గెలిచాక వేశారు రంగు.

మన దగ్గరికొద్దాం. అక్కడ చెడ్డదైన ఆకుపచ్చ మనకి పెళ్ళికూతురి చేతి గాజులు, గుమ్మానికి మామిడి తోరణం, బుధుడి రంగు. ఇన్నాళ్ళూ మా షాపుకొచ్చి పచ్చ వద్దన్నవాడు ఒక్కడు లేడు. మన గొడవంతా నలుపుతో, శనిగాడి రంగని. అదే నలుపు పసిపిల్ల బుగ్గ మీద దిష్టిచుక్క, కాలికి దారం, పెళ్ళైనావిడ మెడలో నల్లపూసలు, కొత్త బండి హ్యాండిలుకి కట్టే వెంట్రుకల తాడు. కాపాడేదీ అదే, పట్టి పీడించేదీ అదేనా! ఇక బండి నంబరు అంకెలు కూడితే ఎనిమిది రాకూడదనే సంగతి ఎత్తితే ఈ ఉత్తరం రేపటికీ అవ్వదు. మన భయాలు మనకి చాలకనా, పడమటివాళ్ళ భయం కూడా దిగుమతి చేసి పంచుతున్నారు? రెండో పేజీలో రోజూ రాశిఫలాల కింద అదృష్ట రంగు అని వేస్తారే, అందులో ఆ ఆదివారం మిథున రాశికి ఆకుపచ్చ అని మీరే వేశారు. ఆ కుర్రాడిది మిథునమే. ఏ పేజీ నమ్మమంటారు?

నేను కోప్పడుతున్నది మూఢనమ్మకం మీద కూడా కాదండీ, నిమ్మకాయ, మిరపకాయలు నా షాపు గుమ్మానికీ వేలాడుతున్నాయి, మా ఆవిడ శనివారం శనివారం మారుస్తుంది. నా బాధల్లా రంగు చెయ్యాల్సిన పని ఒకటుంటే దాన్ని వదిలేసి ఇంకోటి అడుగుతున్నామని. చలికాలం ఆర్.ఉదయగిరి వైపు ఘాట్‌లో పొద్దున్న ఏడింటికి మంచు పడితే, నల్ల జాకెట్టు, నల్ల హెల్మెట్టు, ముదురు రంగు బండి ఎదురుగా పదడుగుల్లోకి వచ్చేదాకా కనపడవు. అలాంటి రెండు బళ్ళు గుద్దుకుంటే ఒక ముక్కల మూట నా దగ్గరికే వస్తుంది. వంగిన ఫోర్కు, నలిగిన ట్యాంకు, ఒకసారి ట్యాంకు సొట్టలో ఇరుక్కున్న గాజుల ముక్కలు కూడా చేత్తో తీశాను. ఆ స్పీడ్‌వేవాళ్ళు కనపడ్డానికి రంగు పెట్టుకుంటారు. మనం రంగుకి పేరు పెడతాం కానీ వెనక మడ్‌గార్డు మీద ఎర్ర రేడియం స్టిక్కరు వేస్తాను, యాభై రూపాయలే అంటే, అందం పోతుందంటాం.

ఆ రోజు నేను పని ఒప్పుకోలేదు. ఆర్‌సీలో రంగు కూడా రాసి ఉంటుంది బాబూ, మారిస్తే ఆఫీసుకి వెళ్ళి రాయించుకోవాలి, కొత్త బండి కంపెనీ పెయింటు గీకితే మళ్ళీ అలా రాదు అని చెప్పాను. నాకూ నాలుగు వేల అయిదువందలు పోయాయి, తండ్రి మొహం చిట్లించుకుని పోయాడు. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అక్కడ ఎవరో చేసిపెట్టారట. ఇప్పుడా బండి కాగితంలో గ్రీన్, రోడ్డు మీద రెడ్. పోయిన వారం చెకింగులో ఆపి గంటసేపు నిలబెట్టారని కుర్రాడే వచ్చి చెప్పాడు. పైగా ట్యాంకు అంచున అప్పుడే పొర లేస్తోంది, గోరుతో గీకితే కింద నెమలి రంగు కనపడుతోంది. లోపల పచ్చ ఇంకా ఉందని ఇంట్లో చెప్పకు మావయ్యా అన్నాడు.

మీకు ఒక్క మనవి. ఆ ముక్కతో పాటు నలుగురు స్పీడ్‌వే ఆటగాళ్ళ ఫొటో కూడా వేశారు, మా జిల్లా ఎడిషన్లో ఆ పేజీ నలుపు తెలుపు. రంగుల గురించి వార్త, నలుగురి టోపీలూ బూడిద రంగే. ఈసారి వేస్తే కలర్ పేజీలో వెయ్యండి, మా అమ్మకి పచ్చ టోపీ చూపించాలి.

ఇట్లు,
బైకులకి రంగులేసుకునే మీ పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.