ఆ సీసీటీవీ క్లిప్ గురించి, అందరికీ

అందరికీ నమస్కారం.

పాప కనిపించకుండా పోయిన కేసులో స్టోర్ సీసీటీవీ క్లిప్ మీద, ట్రాలీలో ఉన్నది పాపా కాదా, తల్లి చెప్పింది నిజమా అని నిన్నటి నుంచి ఈ గ్రూపులో నడుస్తున్న చర్చ ఇక ఆపేద్దాం. స్క్రీన్‌షాట్లు, ఎర్ర గీత చుట్టిన ఫొటోలు పెట్టినవాళ్లు ఈ రాత్రి 9 గంటలలోపు మీరే డిలీట్ చేయండి. మిగిలినవి ఆ తర్వాత నేను తీసేస్తాను.

మీరంతా పాప దొరకాలనే చూస్తున్నారని తెలుసు. నేనూ పదిసార్లు చూశాను. ట్రాలీలో దుప్పటి మడత ఒకసారి పాప చెయ్యిలా, ఇంకోసారి ఉత్త గుడ్డలా కనిపించింది. జూమ్ చేస్తే కొత్త వివరం రాదు, చుక్కలు పెద్దవవుతాయంతే. చీకట్లో కెమెరా వాడే ఇన్‌ఫ్రారెడ్ మోడ్‌లో కొన్ని నల్ల బట్టలు కూడా తెల్లగా పడతాయి. రికార్డర్ గడియారం నిమిషాల తేడాతో నడుస్తుండొచ్చు. అలాంటిది, "టైమ్ కలవట్లేదు, తల్లి అబద్ధం చెబుతోంది" అని ఎలా అంటాం? ఆ తల్లి ఇది చదివితే?

2013లో అమెరికాలో బోస్టన్ మారథాన్ పరుగు పందెం దగ్గర జరిగిన పేలుళ్ల తర్వాత నెట్‌లో జనం ఇలాగే ఫొటోలు పోల్చి, అప్పటికే కనిపించకుండా పోయిన ఒక కుర్రాడిని నిందితుడన్నారు. అతనికి ఏ సంబంధమూ లేదు. అతని కోసం వెతుకుతున్న కుటుంబం ఆ మాటలు కూడా పడాల్సి వచ్చింది.

నిజంగా ఏదైనా చూసినవాళ్లు నేరుగా పోలీసులకు చెప్పండి. మీ కెమెరాలో ఆ రోజు రికార్డింగ్ ఉంటే ఈరోజే కాపీ తీసి పెట్టండి. చాలా రికార్డర్లు పాతదాన్ని చెరిపి కొత్తది ఎక్కించేస్తాయి. పోలీసుల ప్రకటన వస్తే నేనే ఇక్కడ పెడతాను.

మరోసారి: రాత్రి 9. వేరే గ్రూపులకు ఫార్వర్డ్ చేసినవాళ్లు అక్కడ కూడా తీసేయండి, ప్లీజ్.